హవాయి బొమ్మలు, రైలు గేటు గుంట

రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి ఏడు జూన్‌లో, బడులు తెరిచిన మొదటి వారంలో, కంభం గిద్దలూరుల మధ్య రైలు పట్టాల పక్కనున్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు నన్ను బదిలీ చేశారు. ఊరి పేరు రాయడం లేదు. అక్కడివాళ్ళు ఈ రోజుకీ గిద్దలూరు బజారులో నేను ఎదురుపడితే ముందు నడుము ఒకసారి ఇటూ అటూ ఊపి, ఆ తరువాత నమస్కారం పెడతారు. పదవీ విరమణ చేసిన మనిషికి ఇదేం మర్యాద అని మా ఇంట్లో విసుక్కుంటారు. మర్యాదేనని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఉత్తర్వుల్లో నా హోదా స్కూల్ అసిస్టెంట్, వ్యాయామ విద్య. అంతకుముందు పీఈటీ అన్నారు, దానికీ ముందు డ్రిల్ మాస్టర్ అన్నారు. కాగితం మీద పేరు పెరుగుతూ పోయింది కానీ పిల్లల నోట్లో మాత్రం సర్వీసు మొత్తం డ్రిల్లు సారునే. మా పనిలో అన్నిటికన్నా పెద్ద పరీక్ష మాస్ డ్రిల్. బడి పిల్లలందరినీ మైదానంలో పొట్టి పొడుగుల వరుసన నిలబెట్టి, మనిషికీ మనిషికీ మధ్య చేతులు చాపుకునేంత ఎడం ఇచ్చి, ఈల మీద అందరిచేతా ఒకే కదలిక చేయించాలి. వరుస చివర నిలబడి ఒక కన్ను మూసి చూస్తే ముందున్న పిల్లవాడి చెయ్యి ఒక్కటే కనబడాలి, వెనకవాళ్ళ చేతులన్నీ దాని చాటున ఉండాలి. అలా సరిచేయడాన్ని డ్రెస్సింగ్ అంటాం. తనిఖీకి వచ్చిన అధికారి ముందుగా చూసేది అదే. కాబట్టి నా ఉద్యోగ జీవితమంతా పరాయివాళ్ళ చేతుల ఎత్తు సరిచేయడంలోనే గడిచిందనవచ్చు.

ఆ బడిలో వరండా చివర ఒక ఖాళీ గది ఉండేది. ఆటసామాను పెట్టుకోవడానికి ఆ గది నాకిస్తానని ప్రధానోపాధ్యాయులు రమణయ్య గారు నేను చేరిన రోజే మాట ఇచ్చారు. అప్పటికి నా సామానంతా మెట్ల కింద ఉండేది. ఇనుప గుండ్లు, డిస్కులు, ఈటెలు, వాలీబాల్ నెట్టు. ఆ నెట్టును ఎలుకలు ఎంత ఇష్టంగా తిన్నాయంటే, బంతి పైనుంచి పోయిందా మధ్యలోంచి పోయిందా అని ప్రతి ఆటలోనూ తగాదా వచ్చేది. గది రాగానే బీరువా ఒకటి సంపాదించాలని కలలు కంటున్నాను. తీరా చూస్తే రమణయ్య గారు అదే గదిని సాంఘిక శాస్త్రం చెప్పే షాహీన్ మేడమ్‌కు కూడా ఇస్తానన్నారట. ఆయన చాలా మంచివారు. ఎవరికీ కాదని చెప్పలేరు. ఆ మంచితనం వల్ల మా బడిలో ప్రతి వస్తువుకూ ఇద్దరు యజమానులుండేవాళ్ళు.

షాహీన్ మేడమ్‌ది మార్కాపురం. ఆమెకు గది కావలసింది తన హవాయి బొమ్మల కోసం. మార్కాపురంలో ఆమె తమ్ముడికి కార్లకూ ఆటోలకూ అలంకార సామాను అమ్మే దుకాణం ఉంది. ఒకసారి అతను తెప్పించిన సరుకులో ఒక పెట్టె నిండా ఆకుల పావడా కట్టుకుని, మెడలో పూలదండ వేసుకుని, స్ప్రింగు మీద ఊగే ఆడబొమ్మలు వచ్చాయి. స్టీరింగు ముందు అతికించుకునే రకం. మన వైపు బండ్లలో ఆ చోటు దేవుడిది. ఒక్క బొమ్మా అమ్ముడుపోలేదు. తమ్ముడు విసుక్కుని ఒకటి తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. రోజూ ప్రపంచ పటం ముందు నిలబడే మనిషి కదా, ఈ అమ్మాయి ఎవరు, ఏ ఊరు, ఎందుకు ఊగుతోంది అని ఆరా తీయడం మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. హైదరాబాదు పాత బజార్లలో వెతికించింది, తమ్ముడి ఫోనులో వెతికించింది. కొయ్య బొమ్మలు, గుడ్డ బొమ్మలు, పింగాణీ బొమ్మలు ఒక్కొక్కటే చేరాయి. ఎవరైనా కొత్త చీర గురించి ఎలా చెబుతారో ఆమె కొత్త బొమ్మ గురించి అలా చెప్పేది.

హవాయి గురించి నాకు తెలిసినదంతా స్టాఫ్ రూములో ఆమె చెప్పగా విన్నదే. పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యన దీవులు. అక్కడ అగ్నిపర్వతానికి ఒక అమ్మవారుంది. వాళ్ళ నాట్యం పేరు హులా. రాత లేని కాలంలో తమ రాజుల కథలు, దేవతల కథలు వాళ్ళు పాటలోనూ ఈ నాట్యంలోనూ దాచుకున్నారు. ఒక కాలంలో ఇది అసభ్యమని ఆపించారు, తరువాత ఒక రాజు మళ్ళీ నిలబెట్టాడు. ఆడవాళ్ళే కాదు, మగవాళ్ళూ ఆడతారు. ప్లాస్టిక్ పావడాలు చూడవచ్చినవాళ్ళ కోసం వచ్చినవి, అసలైతే పచ్చి ఆకులే కడతారు. నేర్పే గురువును కుము అంటారు, గురువు అనుమతి లేనిదే శిష్యులు లోపలికి అడుగు పెట్టరు. ఈ చివరి సంగతి నాకు చాలా నచ్చింది.

బొమ్మలన్నీ మార్కాపురంలో ఆమె ఇంట్లో మంచం కింద ట్రంకుపెట్టెలో ఉండేవి. పాఠానికి తగినట్టు ఒక్కొక్కదాన్ని తువ్వాలులో చుట్టి, టిఫిన్ సంచీలో పెట్టుకుని, ఉదయం రైలెక్కి తెచ్చేది. అన్నిటినీ ఒకచోట నిలబెట్టి, కంభం దాటి ఎరుగని పిల్లలకు చూపించాలన్నది ఆమె కోరిక. మామూలుగా నన్ను సార్ అనే మనిషి ఒకరోజు అన్నా అంది. అన్నా అన్నదంటే పని పడిందని అర్థం.

"పెట్టెలో పడుకోబెడితే అవి సామానన్నా. నిలబెడితేనే బొమ్మలు. మీ గుండ్లకేముంది, ఎక్కడ పెట్టినా గుండ్లే గదా?"

గుండ్లను అలా తీసిపారేయడం నాకు నచ్చలేదు. గది వదులుకునే ప్రశ్నే లేదని చెప్పాను. ఆమె కూడా వదలనంది.

ఫిబ్రవరి చివర వార్షిక తనిఖీ ఉంటుందని కబురు వచ్చింది. మా డివిజన్‌కు ఉప విద్యాశాఖాధికారిణి వస్తారు. అందరమూ డిప్యూటీ మేడమ్ అనేవాళ్ళం. రమణయ్య గారు ఇదే అదను అనుకున్నారు. గది ఎవరికన్నది డిప్యూటీ మేడమే తేలుస్తారని ప్రకటించి తన మెడ మీది బరువు దించుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ప్రతి బడిలోనూ తనిఖీకి కోలాటమే పెడుతున్నారు కనుక మనం షాహీన్ మేడమ్ బొమ్మల నాట్యం పెడదామన్నారు. మైదానంలో పిల్లలు కదిలే కార్యక్రమం ఏదైనా వ్యాయామ ఉపాధ్యాయుడి బాధ్యత కనుక నేర్పేది నేను. అంటే, ఏ కార్యక్రమం బాగుంటే నా గది పోతుందో ఆ కార్యక్రమాన్ని బాగా తయారుచేసే పని నాకే పడింది. ఆ సాయంత్రం ఇంట్లో అన్నం సహించలేదు.

పోనీ, ఏదో ఒక మోస్తరుగా నేర్పి వదిలేద్దామనుకున్నాను. కానీ ఈల నోట్లో పెట్టుకున్నాక ఒక మోస్తరుగా నేర్పడం నాకు చేతకాదు. అది నా గుణం. దానివల్ల నేను బాగుపడింది లేదు.

హులా ఎలా ఉంటుందో మాలో ఎవరూ చూడలేదు. రమణయ్య గారు తన ఫోనులో వెతికారు. మొదట వచ్చిన వీడియోలో వెనకాల సముద్రం, ముందర ఈత దుస్తుల్లో జనం. ఆయన ఫోను ఠక్కున జేబులో పెట్టేసుకుని, మళ్ళీ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "వద్దు నారాయణ సారూ, బొమ్మల్ని చూసే నేర్పండి. బొమ్మలు మర్యాదగా ఉండాయి" అన్నారు.

మేడమ్ దగ్గరున్న వాటిలో కదిలేది స్ప్రింగు బొమ్మ ఒక్కటే. అదే నా గురువయింది. బల్ల మీద పెట్టి వేలితో తట్టాను. నడుము ఊగింది, చేతులు పక్కన అలాగే బిగుసుకుని ఉన్నాయి. మొదట గట్టిగా ఊగి, క్రమంగా తగ్గి, వణికి ఆగిపోయింది. పలుమార్లు తట్టి చూశాను. ప్రతిసారీ అదే వరుస. నాట్యశాస్త్రం దొరికిందనుకున్నాను. చేతులు కదలవు, నడుము ఊగుతుంది, ఊపు తగ్గుతూ తగ్గుతూ ఆగుతుంది, మళ్ళీ తట్టాలి. పిల్లల్ని వరుసల్లో నిలబెట్టి ఇదే నేర్పాను. ఈల వేయగానే అందరూ ఒక్కసారిగా జోరుగా ఊగి, సన్నగిల్లి, చివర కాస్త వణికి నిలిచిపోయేవాళ్ళు. ఇంకో ఈల వేస్తే మళ్ళీ మొదలు. వణకడం సరిగ్గా రావడానికి చాలా సాధన చేయించాను. దూరం నుంచి చూసిన లెక్కల సారు, పిల్లలకు చలిజ్వరం ఏమైనా వచ్చిందా అని మనిషిని పంపి కనుక్కున్నారు.

అయితే ఇంత చిన్న వరుసతో కార్యక్రమం నిలబడదు. ఇంకా కదలికలు కావాలి. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. బండిలో పెట్టుకునే బొమ్మ కదా, బండిలోనే దాని పూర్తి నాట్యం బయటపడుతుంది. స్టేషను నుంచి మమ్మల్ని రోజూ బడికి తీసుకొచ్చే ఆటో మస్తాన్‌ది. అతని ఆటోలో అద్దం ముందు బొమ్మను అతికించి, దాని పక్కనే ఒంగి కూర్చుని, కదలిక కదలికా గమనిస్తూ ప్రయాణం చేశాను. కంకర రోడ్డు మీద చిన్న చిన్న ఊపులు. చెరువు మలుపులో ఎడమకు వంగి నిలబడడం. రైలు గేటు దగ్గర అప్పట్లో ఒక గుంట ఉండేది. ఆ గుంటలో చక్రం దిగగానే బొమ్మ ఒక పక్కకు విరిగిపడి, గిర్రున తిరిగి, లేచి నిలబడింది. ఎంత అందంగా తిరిగిందని! మస్తాన్‌ను వెనక్కు తిప్పించి ఆ గుంటలోంచి మళ్ళీ మళ్ళీ పోనిచ్చాను.

"సార్, ఆటో ఇరుసు పోతే ఆ అమ్మి తిరుగుతా ఉంటాది, మనం మాత్రం నడిచి పోవాల" అన్నాడు మస్తాన్.

మొత్తానికి నా హులా నాట్యంలో స్టేషను నుంచి బడి దాకా ఉన్న దారంతా వచ్చి చేరింది. పిల్లలు కంకర అడుగు, చెరువు మలుపు అడుగు, గుంట అడుగు అని పేర్లు కూడా పెట్టుకున్నారు. అన్నిటిలోకి గుంట అడుగు వాళ్ళకు ప్రాణం. నాకు కుము సారు అని కొత్త పేరు వచ్చింది. అది మేడమ్ పనేనని నాకు తెలుసు. బయటికి కోప్పడ్డాను గానీ లోపల బాగానే ఉండింది.

ఇక్కడ రంగమ్మ వచ్చింది. తొమ్మిదో తరగతి చదివే మల్లేశ్వరి వాళ్ళమ్మ. గొర్లున్న ఇల్లు. ఆమె గేటు దగ్గర నిలబడి కేకేసిందంటే ప్రార్థన కూడా ఆగుతుంది. ఆడపిల్లల చేత నడుములు ఊపిస్తున్నానని గొడవకొచ్చిందేమోనని నేను జవాబు సిద్ధం చేసుకున్నాను. సంప్రదాయ నాట్యం, దేవతా విషయం, వగైరా. ఆమెకు అవేవీ పట్టలేదు.

"ఏంది సారూ మీ చదువు? మా పిల్ల ట్యాంకరు కాడ బిందె నింపుకొని, ఎత్తుకొని వస్తా వస్తా నడిమధ్యన ఆగి ఊగతాంది. మళ్ళ పక్కకు పడినట్ల తిరుగుతాంది. సగం బిందె ఈదిలోనే. నీళ్ళు ఒలకబోసే ఆట మనకెందుకు నాయనా?"

ఆ ఏడు వానలు లేవు. ఊళ్ళో బోర్లు సంక్రాంతి నాటికే ఎండిపోయాయి. బడి బోరు ఇంకా ముందే పోయింది. ఊరికి ట్యాంకరు వచ్చేది, అది బడి దాకా వచ్చేది కాదు. పిల్లలు ఇంటి నుంచి సీసాల్లో తెచ్చుకున్న నీళ్ళు మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయేవి. అటువంటి చోట సగం బిందె ఒలికిందంటే చిన్న విషయం కాదు. నేను తప్పయిందని చెప్పి, మల్లేశ్వరికి బిందెతో ఉన్నప్పుడు సాధన చేయవద్దని ఉత్తర్వు ఇచ్చాను.

తనిఖీ దగ్గరపడింది. షాహీన్ మేడమ్ బొమ్మలన్నిటినీ తమ్ముడి బండిలో తెచ్చి, ఖాళీ గదిలో ఆ రోజుకు మాత్రం ప్రదర్శన పెట్టుకుంటానంది. సర్దుతుంటే చూశాను. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, పొడుగు బొమ్మ ముందు, పొట్టి బొమ్మ వెనక. నేను చూసి ఊరుకోగల మనిషిని కాను. పక్కకు తప్పుకోమని, బొమ్మలన్నిటినీ పొట్టి పొడుగుల వరుసన బల్ల మీద నిలబెట్టాను. అలవాటు ప్రకారం వరుస చివరకు పోయి, ఒక కన్ను మూసి డ్రెస్సింగ్ చూశాను. నా ఒళ్ళు మండింది. ఒక్క బొమ్మ చెయ్యీ ఇంకో బొమ్మ చెయ్యితో కలవలేదు. ఒకదాని చేతులు తల మీద, ఒకదానివి రొమ్ము ముందు, ఇంకొకదానివి ఒకే పక్కకు చాపి ఉన్నాయి, మరొకటి అరచేతులు కిందికి దించుతోంది. ఒకటి కూర్చుని ఎండిన సొరబుర్రను తడుతోంది.

"ఏందమ్మా ఇది? వరుసలో నిలబడినాక చేతులు ఎవరిష్టం వాళ్ళదేనా?" అని నిజంగానే కోపంగా అన్నాను.

మేడమ్ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి నేనున్న చోటికి వచ్చి, తానూ ఒక కన్ను మూసి వరుస వెంబడి చూసింది. పెట్టెలోంచి ఒక్కొక్కటిగా తీసినన్నాళ్ళూ ఆమె కూడా అన్నిటినీ ఇలా ఒక వరుసలో చూడలేదు. తల మీది చేతులు, తరువాత కాస్త దిగిన చేతులు, తరువాత పక్కకు సాగిన చేతులు. అవన్నీ ఒకే మనిషి ఒకదాని తరువాత ఒకటి చేస్తున్నట్టుగా ఉన్నాయి.

"అన్నా, కథ చెప్పేది చేతులే. నేను చదివినాను, ఎట్లనో అర్థం కాలేదు. నడుము ఊరికే తాళం వేస్తాంది. మీ బొమ్మకు చేతులు కదలకపోవడం నాట్యం కాదన్నా, స్ప్రింగు కాళ్ళ కింద మాత్రమే ఉంది!"

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. వణకడంతో సహా నేను నేర్పినదంతా స్ప్రింగు పనితనం. గుంట అడుగు గురించి ఆలోచించడానికే ధైర్యం చాలలేదు.

తనిఖీ ముందుంది, మార్చడానికి వ్యవధి కొద్దిగానే ఉంది. పిల్లల్ని ఆ గదికి పిలిచి బొమ్మల చేతులు చూపించాం. ఇది అల, ఇది కొండ, ఇది వాన అని మేడమ్ తనకు తోచినట్టు చెప్పుకుపోయింది. అలంటే ఎట్లుంటాది మేడమ్ అని మల్లేశ్వరి అడిగింది. సముద్రం చూసినవాళ్ళు చేతులెత్తమంటే ఎవరూ ఎత్తలేదు. చూడని దాన్ని చేతితో ఎలా చెబుతారు? మీకు బాగా తెలిసిన కథ ఏదని అడిగాను. వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకున్నారు. ట్యాంకరు సార్ అన్నారు.

కథ వాళ్ళే కట్టారు. మేము బొమ్మల చేతులు అరువిచ్చాం, అంతే. నడుము తాళం ఉంచాం, వణకడం తీసేశాం. గుంట అడుగును కూడా తీసేయబోతే పిల్లలు ఏడుపు ముఖాలు పెట్టారు. ట్యాంకరు కూడా ఆ గుంటలోంచే వస్తుంది కదా సార్ అన్నారు. అది నిజమే. ఉంచాం. తాళానికి రంగమ్మ తన ఇంట్లో విత్తనాలు దాచుకునే ఎండు సొరబుర్ర ఇచ్చింది, పగిలితే మర్యాద దక్కదని చెప్పి మరీ ఇచ్చింది. బొమ్మ కూర్చున్నట్టే ఒక పిల్ల కూర్చుని దాన్ని అరచేత్తో తట్టింది. ఈల జేబులో పెట్టుకోమని మేడమ్ నన్ను అడిగింది. సర్వీసులో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు.

తనిఖీ రోజు ఉదయం డిప్యూటీ మేడమ్ జీపులో వచ్చారు. ఒంగోలు మనిషి, మాట తక్కువ. దిగుతూనే తల తడుముకుంటున్నారు. కుర్చీలో కూర్చోబెట్టి రమణయ్య గారు అలవాటుగా అంతా బాగుందన్నారు. హాజరు బాగుంది, భోజనం బాగుంది, నీళ్ళకు ఇబ్బంది లేదు. ఆయన అబద్ధం చెప్పాలని చెప్పింది కాదు. పై అధికారి ముందు లేదు అనే మాట ఆయన గొంతు దాటదు.

పిల్లలు పచ్చి వేపాకుల పావడాలు, మందారాల దండలు వేసుకుని వచ్చారు. ఆకుల వాసనకు గోడ అవతల నుంచి రెండు మేకలు కూడా వచ్చాయి, వాటిని తోలించాం. సొరబుర్ర మోగింది. చేతులు నుదుటి మీద పెట్టి ఆకాశం చూశారు. అరచేతులు తిప్పి మబ్బులన్నారు. వేళ్ళు కిందికి దించబోయి మధ్యలోనే ఆపి, వాన రాలేదన్నారు. దూరంగా చెయ్యి చాపి ట్యాంకరు వస్తోందన్నారు. చెరువు మలుపు తిరిగారు. రైలు గేటు దగ్గర వరుస వరుసంతా ఒక పక్కకు విరిగిపడి గిర్రున తిరిగింది. చూడవచ్చిన ఊరి జనం ఒక్కసారిగా గొల్లున నవ్వారు. రంగమ్మ నవ్వు అన్నిటికన్నా పైన వినబడింది.

డిప్యూటీ మేడమ్ తల మీది బొప్పిని తడుముకుని, "ఇది ఆ రైలు గేటు దగ్గరి గుంటేనా?" అని అడిగారు. అవునన్నాను. ఆవిడ నవ్వడం ఆ డివిజన్‌లో ఎవరూ చూసి ఉండరు. నేను చూశాను.

తరువాత బిందెలు వరుసలో పెట్టారు, కొట్లాడుకున్నారు, నింపుకున్నారు, తల మీద ఎత్తుకున్నారు. చివరి పిల్ల మల్లేశ్వరి. ఆమె వంతు వచ్చేసరికి నీళ్ళు అయిపోయాయి. బిందెను బోర్లించి చూసి, రెండు అరచేతులూ మాకేసి విప్పి చూపించి నిలబడింది. బుర్ర ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నవ్వుతున్నవాళ్ళు కూడా నవ్వు ఆపేశారు.

డిప్యూటీ మేడమ్ రమణయ్య గారి వైపు తిరిగి, బడికి ట్యాంకరు వస్తోందా అని అడిగారు.

"నీళ్ళకు ఏమీ ఇబ్బంది లేదు మేడమ్" అన్నారాయన, పిల్లలకు వీపు పెట్టి నిలబడి.

ఆయన వెనకాల మైదానంలో, ఎవరూ చెప్పకుండా, వరుస మొత్తం మల్లేశ్వరి చేసినట్టే అరచేతులు విప్పి చూపించింది. నా ఈల జేబులో ఉంది. నేను వరుస చివరన ఉన్నాను కనుక అలవాటుకొద్దీ ఒక కన్ను మూసి చూశాను. ముందున్న పిల్ల చెయ్యి ఒక్కటే కనబడింది. అంత మంచి డ్రెస్సింగ్ నా సర్వీసులో దానికి ముందు లేదు, తరువాతా లేదు.

రమణయ్య గారు వెనక్కి తిరిగి చూసుకునేసరికి చేతులన్నీ కిందికి దిగి అటెన్షన్‌లో ఉన్నాయి. డిప్యూటీ మేడమ్ అక్కడే నిలబడి ఎవరికో ఫోను చేశారు. మరుసటి వారం నుంచి ట్యాంకరు మొదట బడి దగ్గర ఆగి, ఆ తరువాత ఊళ్ళోకి పోవాలని ఏర్పాటయింది. నీళ్ళు పట్టి పెట్టుకోవడానికి పెద్ద ప్లాస్టిక్ తొట్టి ఒకటి మంజూరయింది. గది సంగతి కూడా అప్పుడే తేల్చారు. తొట్టిని బయట పెడితే కుళాయిలు ఉండనివ్వరు కనుక, తాళం వేయడానికి వీలున్న గది కావాలి. బడిలో అటువంటి ఖాళీ గది ఒక్కటే ఉంది.

అలా షాహీన్ మేడమ్, నేను, ఇద్దరమూ గది పోగొట్టుకున్నాం. కార్యక్రమం అంత బాగా చేయకపోయి ఉంటే ఇద్దరిలో ఒకరికైనా దక్కేది. ఆ సాయంత్రం ఆమె బొమ్మల్ని మళ్ళీ తువ్వాళ్ళలో చుడుతుంటే, మెట్ల కింద ఇంకా కొంచెం చోటుందని చెప్పాను. మస్తాన్ పాత చెక్కలు తెచ్చి అరలు కొట్టాడు. పై అరల్లో బొమ్మలు, కింద ఇనుప గుండ్లు. చిరిగిన వాలీబాల్ నెట్టును అరల ముందు తెరగా కట్టాం. దానికి అంతకన్నా మంచి ఉపయోగం ఎన్నడూ దొరకలేదు. గదిలో పెట్టి ఉంటే ఆ బొమ్మలను తనిఖీ రోజున తప్ప ఎవరూ చూసేవాళ్ళు కారు. మెట్ల కిందికి ప్రతి తరగతీ ఆటల పీరియడులో బంతి కోసం వచ్చేది. బంతి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయేవాళ్ళు. బొమ్మను తాకాలంటే కుము సారు అనుమతి తీసుకోవాలని మేడమ్ నియమం పెట్టింది.

స్ప్రింగు బొమ్మను మాత్రం మస్తాన్ తిరిగివ్వలేదు. మేడమ్ తమ్ముడి దుకాణంలో మిగిలిన పెట్టె ఆ వేసవిలోనే ఖాళీ అయింది, గిద్దలూరు స్టాండులో ప్రతి ఆటోలోనూ దేవుడి పక్కన ఆ అమ్మాయి ఊగడం మొదలుపెట్టింది. గుంటను తరువాత పూడ్చారు. ఆ మేరకు నాట్యంలో ఒక అడుగు తగ్గిందని పిల్లలు బాధపడ్డారు.

ఈ ఉదంతం వల్ల నా వృత్తిలో నేను నేర్చుకున్నదాన్ని కొత్తగా ఉద్యోగంలో చేరే వ్యాయామ ఉపాధ్యాయుల కోసం చెబుతున్నాను. దేన్నైనా చూసి నేర్పాలనుకుంటే, అది దేని మీద నిలబడి ఊగుతోందో ముందు వంగి చూడండి. చేతులన్నీ ఒకే ఎత్తున లేపించడం ఈలతో అయ్యే పనే, నేను ఏళ్ళ తరబడి చేశాను. ఆ చేతులకు చెప్పుకోవలసిన మాట ఒకటి ఉన్న రోజున మాత్రం, ఈల జేబులో ఉన్నా వరుస తప్పదు.